అవినిమేయము: ఒక మాట చరిత్రము

కొన్ని మాటలు న్యాయస్థానములలో పుట్టి, అచ్చటనే ముసలివై పోవును. వానిని వకీళ్లు తప్ప నితరు లెఱుగరు. అట్టి వానిలో 'ఫంజిబుల్' అను నాంగ్లపద మొకటి. దాని వ్యతిరేకార్థమును 'నాన్ ఫంజిబుల్' అందురు. చిరకాలము ధర్మశాస్త్ర గ్రంథముల యడుగున పడియున్న యీ మాట 2021వ సంవత్సరమున నొక్కసారిగా వీథి కెక్కినది. ఆ యేడు మార్చి నెలలో క్రిస్టీస్ అను వేలముపాట సంస్థవారు కంప్యూటరు తెరపై మాత్రమే చూడదగిన యొక చిత్రమును 'నాన్ ఫంజిబుల్ టోకెన్' అను పేర ఆఱుకోట్ల తొంబదిలక్షల డాలర్లకు పైబడిన వెల కమ్మిరి. ఆ చిత్రమునకు ప్రతు లెన్నియైనను ఎవరైనను తీసికొనవచ్చును. అమ్ముడుపోయినది 'అసలు నాది' యని చెప్పు లెక్కలోని యొక పద్దు మాత్రమే. కాలిన్స్ నిఘంటువువారు దాని పొడియక్షరములను ఆ సంవత్సరపు మాటగా నెన్నుకొనిరి. మఱుసటి యేటనే ఆ బేరము చాలవఱకు పడిపోయినది. బేరము పోయినను మాట నిలిచినది. దాని పూర్వచరిత్రమును విచారించినచో, అది బొమ్మల యమ్మకము కంటె ఎంతో పెద్ద ప్రశ్నను మోయుచున్నదని తెలియును: దేనికి బదులు దేని నియ్యవచ్చును? దేనికి బదులు లేదు?

ఒక వస్తువునకు అదే జాతిలోని మఱియొకటి సమానముగా చెల్లినచో అది వినిమేయము. చెల్లనిచో అవినిమేయము. పేరు కఠినమైనను భేద మింటింట నున్నదే. పొరుగింటి నుండి మానెడు బియ్యము తెచ్చుకొన్నచో, ఆ బియ్యమును వండి తిని, మఱునాడు మఱియొక మానెడు బియ్యము కొలిచి యిత్తుము. ఆ గింజలే కావలెనని ఇచ్చినవా రడుగరు. అదే యింటినుండి పెండ్లికి కంటె తెచ్చుకొన్నచో, ఆ కంటెనే మరల నియ్యవలెను. అంతే తూకముగల వేఱొక కంటె నిచ్చిన నొప్పుకొనరు. మొదటిది అప్పు, లేక బదులు. రెండవది ఎరువు. ఈ రెంటికిని వేఱువేఱు మాట లుండుట తెలుగుభాష సంపద. 'ఎరువుల సొమ్ము బరువుల చేటు' అను సామెతలో చివరకు, అందులో నొకటి పోయినచో అప్పుల చేటు అని యున్నది. ఎరువు వస్తువు పోయిన క్షణముననే అది అప్పుగా మాఱునని, అనగా అవినిమేయమైనది వెలగా మాఱునని, చదువురాని యిల్లాలు గూడ నెఱిగియుండెను.

ఈ భేదమునే రోమనులు శాస్త్రముగా దిద్దిరి. క్రీస్తుశకము రెండవ శతాబ్దివాడైన గాయస్ అను ధర్మశాస్త్రజ్ఞుడు, తూకము, లెక్క, కొలత అను మూడింటిచే నెఱుగబడు వస్తువుల నొక తెగగా చేర్చెను. నాణెములు, ధాన్యము, ద్రాక్షారసము, నూనె, వెండి, బంగారము ఇందులోనివి. వీనిని 'మ్యూటువమ్' అను పేర అప్పిత్తురు. ఇచ్చినవి తీసికొన్నవాని సొత్తగును. అతడు అదే జాతివి అంతే పరిమాణమున తిరిగి యియ్యవలెను. గుఱ్ఱమువంటివానిని 'కొమొడాటమ్' అను పేర ఎరువిత్తురు. వానిపై స్వామ్యము మాఱదు. ఆ గుఱ్ఱమే తిరిగి రావలెను. జస్టీనియను చక్రవర్తి 533లో ప్రకటించిన ధర్మసంహిత దీని ఫలితమును గూడ చెప్పినది. అప్పు తెచ్చినవాని యిల్లు కాలినను, ఓడ మునిగినను అప్పు తీఱదు. ఎరువు తెచ్చినవాడు శ్రద్ధతో కాపాడుచుండగా దైవికముగా వస్తువు నశించినచో నష్టము యజమానునిదే. ఒక చిన్న భేదముపై ఒక సంసారము నిలుచుటయో మునుగుటయో ఆధారపడియున్న దన్నమాట.

ఆ సంహితలో నొక చక్కని సూక్ష్మము గలదు. కేవలము ప్రదర్శన కొఱకు నాణెముల నెరువిచ్చినచో, ఆ నాణెములే తిరిగి రావలెనట. కాబట్టి వినిమేయత వస్తువు స్వభావములో మాత్రమే లేదు. ఇచ్చువాని యుద్దేశములోను ఉన్నది. మన కాసులపేరు దీనికి సాక్షి. సంచిలోని కాసుకు మఱియొక కాసు సమానమే. తల్లి మెడలోనుండి కూతురి మెడలోనికి వచ్చిన పేరులోని కాసుకు సమాన మెక్కడిది? 'వేఱొకదాని బదులు పనిచేయునది' యను నర్థము వచ్చునట్లు 'ఫుంగీ' యను లాటిను ధాతువు నుండి 'ఫంజిబిలిస్' అను పేరును కల్పించినవాడు పదునాఱవ శతాబ్దిలో ఫ్రైబుర్గు నగరమున ధర్మశాస్త్రము బోధించిన ఉల్రిక్ జాజియస్ అని చెప్పుదురు. ఆ మాట స్కాట్లండు న్యాయవాదుల నోట నాంగ్లములోను స్థిరపడినది.

మన స్మృతికర్తలు ఈ విషయమున వెనుకబడినవారు కారు. మనువు నిక్షేపమును గూర్చి చెప్పుచు, ఏ వస్తువును ఎవడెట్లు దాచనిచ్చెనో, దాని నట్లే తిరిగి తీసికొనవలెనని శాసించెను. పెట్టెలోనుంచి ముద్రవేసి, లోనేమున్నదో చెప్పక యొకని చేతికిచ్చిన ద్రవ్యమును ఔపనిధిక మని పేర్కొని, అది యట్లే ప్రత్యర్పింపబడవలెనని యాజ్ఞవల్క్యుడు చెప్పెను. ముద్ర చెదరరాదు. లోపలి వస్తువున కెంత వెలయైనను, దానికి బదులుగా ధన మిచ్చుటచే విశ్వాసము చెల్లిపోదని దీని భావము.

కాని ఈ విచారమును అన్నిటికంటె లోతుగా జేసినవారు మీమాంసకులు. జైమిని సూత్రములలో ఆఱవ యధ్యాయము మూడవ పాదమున ప్రతినిధి విచారము గలదు. యజ్ఞమునకు వ్రీహులు దొరకనిచో నేమి చేయవలెను? వానిని బోలిన నీవారములతో చేయవచ్చును. సోమలత దొరకనిచో పూతీకమును గ్రహింపవచ్చును. పోలిక యుండవలెను, నిషేధ ముండరాదు. మినుములు యజ్ఞమునకు తగవని నిషేధమున్నది గావున అవి ప్రతినిధిగా గూడ పనికిరావు. ద్రవ్యమునకు బదులున్నది. మఱి దేనికి లేదు? దేవతకు లేదు, అగ్నికి లేదు, మంత్రమునకు లేదు, క్రియకు లేదు. ఇంద్రునకు సంకల్పించిన హవిస్సును వేఱొక దేవత కిచ్చి చెల్లెననరాదు. తుదకు యజమానునకు గూడ ప్రతినిధి లేడు. పలువురు యజమానులు కలసి చేయు సత్రములో నొకడు మరణించినచో, సంఖ్య పూరించుటకు మఱియొకని తెచ్చుకొనవచ్చును. కాని యట్లు వచ్చినవాడు పని చేయువాడే కాని ఫలభాగి కాడని సిద్ధాంతము. చోటు నిండును గాని పోయినవాడు రాడు. ఎవని సంకల్పమో, ఎవని శ్రేయస్సో, వానికి సాటి మఱియొకడు లేడనుట యీ వాదమునందలి సారము.

ఇంత సూక్ష్మముగా యజమానుని విలువను గ్రహించిన శాస్త్రసంప్రదాయమే ఇతరుల విషయమున నెట్లు మాటాడినదో కూడ చెప్పవలెను. యాజ్ఞవల్క్యస్మృతి ఋణప్రకరణమున వడ్డీల పరిమితి కలదు. బంగారమునకు రెండింతలు, ధాన్యమునకు మూడింతలు, వస్త్రమునకు నాలుగింతలు. పశువులకును స్త్రీలకును సంతతియే వడ్డీ యని యా ప్రకరణమే చెప్పుచున్నది. ఇచ్చట స్త్రీలనగా అప్పుక్రింద చేతులు మాఱిన దాసీజనమే కావలెను. వారిని పశువులతో నొక సమాసమున గట్టివేసిన పెద్దలకు అందేమియు తప్పు తోపలేదు. పూర్వులను గౌరవించుట యనగా వారి వాక్యములలో మనకు నచ్చినవానినే చదువుట కాదు.

ఇక నాణెము సంగతి. ధనమునకు వినిమేయత ప్రాణము. అది పదునెనిమిదవ శతాబ్దిలో రెండు వ్యాజ్యములలో తేలినది. స్కాట్లండులో హ్యూ క్రాఫర్డ్ అను న్యాయవాది ఇరువది పౌనుల నోట్లు రెంటిని టపాలో పంపెను. వానిపై తన పేరు వ్రాసి, సంఖ్యలను గుర్తుంచుకొనెను. అవి దారిలో పోయినవి. ఒకటి కొంతకాలమునకు రాయల్ బ్యాంకునకు చేరెను. అది తనదే యని యతడు దావా వేసెను. నోటు అతనిదే యనుటకు సందేహము లేదు. అయినను 1749లో న్యాయస్థానము బ్యాంకు పక్షమున తీర్పు చెప్పెను. మంచి నమ్మికతో పుచ్చుకొన్న డబ్బును పూర్వచరిత్ర త్రవ్వి మరల లాగికొనుట కవకాశ మిచ్చినచో, ఎవడును ఎవనివద్దను నోటు పుచ్చుకొనడు, వ్యాపారము స్తంభించును. ఇంగ్లండులో 1756 డిసెంబరు 11వ తేదీ రాత్రి టపాబండిని దొంగలు దోచిరి. అందలి యిరువదియొక్క పౌనుల పది షిల్లింగుల నోటు ఒక పూటకూళ్ల యింటి యజమానునికి న్యాయముగా చేరినది. మిల్లరునకును రేసునకును జరిగిన యా వ్యాజ్యములో 1758లో మాన్స్‌ఫీల్డు ప్రభువు, బ్యాంకునోటు సామానువంటిది కాదు, అది ధనమే, దానిని ధనమువలెనే చూడవలెనని నిర్ణయించెను. నోటునకు గతము లేదు. లేకపోవుటయే దాని సుగుణము. నేడు మన చేతులలో తిరుగు ప్రతి రూపాయియు ఆ సూత్రముపైననే నడచుచున్నది.

ఆ మాన్స్‌ఫీల్డు ప్రభువు ముందరికే ఇరువదియైదేండ్ల తరువాత మఱియొక వ్యాజ్యము వచ్చినది. 1781లో 'జాంగ్' అను నోడ ఆఫ్రికావారిని బానిసలుగా నెక్కించుకొని జమైకాకు పోవుచుండెను. దారి తప్పి, నీరు చాలదను నెపమున, ఓడవారు నూటముప్పదిమందికి పైగా మనుష్యులను సజీవులుగా సముద్రమున త్రోసివేసిరి. పిదప లివర్‌పూలులోని యోడ యజమానులు తలకు ముప్పదిపౌనుల చొప్పున భీమా సొమ్ము కోరిరి. హత్యానేరముపై విచారణ జరుగలేదు. సామాను నష్టమునకు సొమ్మెవరియ్యవలెననునదే వ్యాజ్యము. 1783 మార్చిలో జూరీవారు యజమానుల పక్షము చెప్పిరి. మే నెలలో జరిగిన పునర్విచారణ వాదములో, ధర్మశాస్త్రము దృష్టిలో నిది గుఱ్ఱములను సముద్రమున పడవేసినట్టిదే యని మాన్స్‌ఫీల్డు పలికినట్లు లిఖితమైయున్నది. సాక్ష్యములను బట్టి మరల విచారింపవలెనని మాత్ర మాజ్ఞయైనది. ఆ రెండవ విచారణ జరిగినట్లు దాఖలా లేదు.

ఇదే న్యాయమూర్తి 1772లో సోమర్సెట్టు అను బానిసను విడిచిపెట్టిన తీర్పు చెప్పినవాడు. క్రూరుడు కాడు. నోటు విషయమున నతని బుద్ధి యెంత నిర్మలమో ఆ తీర్పే చెప్పును. దోషము గణితములో లేదు, గణితమును ప్రయోగించిన చోట నున్నది. గతమును తుడిచివేయుట నోటునకు మేలు. తల్లి, ఊరు, పేరు గల మనుష్యుని గతమును తుడిచి 'ముప్పది పౌనులు' అని వ్రాసిన నాడు అతనిని చంపుటకు సగము పని లెక్కపుస్తకమే చేసిపెట్టును. ఒలాడా ఈక్వియానో అను విముక్తదాసుడు ఈ వార్తను గ్రాన్‌విల్ షార్పునకు తెలుపగా, అతడు దానిని దేశమంతట చాటెను. బానిసల వ్యాపార నిషేధోద్యమమునకు బలము చేకూర్చినవానిలో నిది యొకటి. రెండేండ్లకు, 1785లో, జర్మను తత్త్వవేత్త కాంటు తన నీతిగ్రంథమున నొక భేదము చెప్పెను. వెలగలదానికి బదులుగా సమానమైన వేఱొకటి పెట్టవచ్చును. ఏది వెలకు మించినదో, దేనికి సమానము లేదో, దానికి గౌరవము గలదు. మనుష్యుడు రెండవ తెగవాడు. మీమాంసకులు యజమానునకు మాత్రమిచ్చిన స్థానమును కాంటు మనుష్యమాత్రున కిచ్చెనని చెప్పవచ్చును.

చట్టములు ఈ బోధను వెంటనే తలకెక్కించుకొనలేదు. 1833లో ఆంగ్లేయ పార్లమెంటు బానిసత్వమును రద్దుచేయుచు రెండుకోట్ల పౌనుల పరిహార మేర్పఱచెను. అది బానిసలకు కాదు, యజమానులకు. వారి తోటలలో ఖాళీయైన చోటులకు బదులుమనుష్యులు కావలసిరి. 1834 మొదలు మారిషసునకును, 1860 మొదలు నేటాలునకును మనదేశపు కూలీలు ఒప్పందముపై పోయిరి. 1860 నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరిన 'ట్రూరో' అను నోడ మద్రాసు నుండి బయలుదేఱినదే. 1911 వఱకు నేటాలునకు పోయినవారు లక్ష యేబదివేలకు పైబడిరి. అందు తమిళులతోపాటు తెలుగువా రనేకులు. రేవున ప్రతివానికి నొక సంఖ్య యిచ్చిరి. ఓడలో చోటు లెక్కించుటకు ఇద్దఱు పిల్లలు ఒక పెద్దమనిషికి సమానము. అయినను పట్టికలు వ్రాయు గుమాస్తాలు పాఱిపోయినచో పట్టుకొనుటకై తండ్రిపేరు, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చ, గాయపు గుర్తు గూడ వ్రాసిరి. సంఖ్య చాలలేదు. నేడు దక్షిణాఫ్రికాలోని తెలుగు కుటుంబములవారు తమ ముత్తాత యూరెక్కడిదో తెలిసికొనుటకు ఆ పట్టికలనే వెదకుచున్నారు. కాపలాకొఱకు వ్రాసిన వివరము వంశస్మృతిగా మిగిలినది.

ఇంట గలిగిన చరిత్రము ఇంతకంటె మెఱుగు కాదు. 1877వ సంవత్సరపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టములో నొక యుదాహరణము గలదు. మరణించిన చిత్రకారుని పటమును, అరుదైన చీనా పాత్రలు రెంటిని అమ్ముదునని యొప్పుకొన్నవాడు వానినే యియ్యవలెను. నష్టమును కొలుచు కొలబద్ద లేదు గనుక డబ్బు చాలదు. పటమునకు బదులు లేదని గ్రహించిన ఆ ప్రభుత్వమే 1859లో పదుమూడవ చట్టమును చేసియుండెను. బయానా పుచ్చుకొని పని మానిన కూలివాని నా చట్టము చెఱసాలకు పంపగలదు. అది 1925లో గాని రద్దు కాలేదు. తెలంగాణమున భగేలా యను పద్ధతి యుండెడిది. తండ్రి దొరవద్ద తెచ్చిన అప్పునకు జీవితమంత చాకిరి చేసి, తీఱకుండగనే చనిపోయినచో, కుమారుడు ఆ చోట నిలువవలెను. నాగువడ్డీకి తెచ్చిన ధాన్యము తరములు పెరిగెడిది. హైదరాబాదు ప్రభుత్వము 1936లో దీనికొక నిబంధన చేసినను అది మాయలేదు. 1976వ సంవత్సరపు వెట్టిచాకిరి నిర్మూలన చట్టము తాను నిషేధించు పద్ధతుల పేర్లను వరుసగా చెప్పినది. అందు భగేలా, జీతా, పాలేరు, వెట్టి యను పేర్లు మనవే. వెట్టిని నిర్వచించుచు ఆ చట్టము, అప్పుపడినవాడు తానుగాని, తన కుటుంబములోని వాడెవడైనను గాని, చాకిరి చేయు ఒప్పంద మని చెప్పినది. ఆ 'ఎవడైనను' అను మాటలో నున్నదంతయు. ధాన్యపు టప్పుక్రింద మనుష్యుడు ధాన్యమైనాడు. తండ్రి గింజకు కొడుకు గింజ చెల్లినది.

ఈ చరిత్రమునుండి మూడు సంగతులు తేలుచున్నవి. మొదటిది: వినిమేయత చెడ్డది కాదు. అది లేనిచో సంత లేదు, నాణెము లేదు, పొరుగింటి బదులు బియ్యము లేదు. రెండవది: ఏది వినిమేయమో నిర్ణయించునది వస్తువు మాత్రమే కాదు. దానితో మన కున్న సంబంధము గూడ నిర్ణయించును. తొలినాటి టోకెన్ల బేరగాండ్రు మఱచినది దీనినే. లెక్కలో నొక సంఖ్య వేఱైనంత మాత్రమున వస్తువు అమూల్యము కాదు. ప్రతి నోటుమీదను వేఱు సంఖ్య యున్నది. అయినను నోట్లన్నియు నొకటే. మూడవది: మనుష్యుని విషయమున నీ నిర్ణయ మెవని యుద్దేశమునకును వదలదగినది కాదు. పటమునకు బదులు లేదని చెప్పుటకు పటము ప్రియముగానుండవలెను. మనుష్యునకు బదులు లేదని చెప్పుటకు అతడు మనకు ప్రియుడు కానక్కఱలేదు.

చట్టములు మాఱినవి. అలవాట్లు నిలిచియున్నవి. మన యింట అంట్లు తోము మనిషికి పేరుండగా 'పనిమనిషి రాలేదు' అందుము. 'ఈమె కాకున్న మఱియొకతె' యని నాలుక చివర సిద్ధముగా నుండును. భార్య పోయిన నెలలోపలనే 'ఇల్లు చూచుకొనుట కెవరైన కావలెను గదా' యని సంబంధములు వెదకు పెద్దలు నేటికిని కలరు. బడిలో పిల్లలను హాజరుపట్టీ సంఖ్యలతో పిలుచు నుపాధ్యాయులును కలరు. పని ఆగరాదు, చోటు నిండవలెను. నిజమే. సత్రమునకు మీమాంసకులు గూడ సంఖ్య పూరించుకొమ్మనిరి. కాని వారు పూరించిన చోటును పోయినవానితో సమాన మనలేదు. మనమును అంతమాత్రపు తేడా పాటింపవచ్చును. రేపు వచ్చు మనిషికి పని చెప్పుటకు ముందు పేరడుగుట, ఆ పేరుతోనే పిలుచుట, ఆమె జబ్బుపడిన దినమున బదులుమనిషిని వెదకుటకు ముందు ఆమె యెట్లున్నదో కనుగొనుట, ఆ దినపు కూలిని తగ్గింపకుండుట: ఇవి శాస్త్రము తెలియనివారును చేయగల పనులు. ఈ వ్యాసము చదివిన యింటివారు వానిని నేడే మొదలిడవచ్చును.